పెద్దమ్మ వంటింట్లో దూలగొండి

పెద్దమ్మ పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక, డాబా మీద షామియానా కింద చుట్టాలంతా కుర్చీలు దగ్గరకి లాక్కుని కూర్చున్నారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఆవిడ చేస్తేనే తినాలని ఒకరు. ఆవిడ మాగాయ మూడో ఏడు కూడా రంగు తిరిగేది కాదని ఇంకొకరు. సంక్రాంతికి ఆవిడ వండిన అరిసెలు నేవీలో పనిచేసే అల్లుడి ద్వారా వాళ్ళ ఆఫీసరు ఇంటిదాకా వెళ్ళిన కథ మా చిన్నత్త చెప్పింది. గంటసేపు విన్నాను. ఆ ఇంటికి అన్నం పెట్టిన పని ఇంకొకటుంది. అదీ ఆవిడ చేతి మీదుగానే జరిగేది. దాని ఊసు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఎలా ఎత్తుతారు? దూలగొండి గింజలు పాలలో ఉడికించి, తొక్క ఒలిచి, ఎండబెట్టి మగవాళ్ళ "బలం మందు" చేసింది ఈవిడేనని, ఫొటోకి దండేసిన చోట ఎవరంటారు!

నేనంటాను. ఆవిడ ఉండి ఉంటే "రాసుకోరా, తప్పేటి" అనే మనిషే.

*

మా పెదనాన్నది మూలికల కొట్టు. విశాఖపట్నం పాత ఊళ్ళో, పూర్ణా మార్కెట్‌కి కాస్త ఇవతల, ఒక రిక్షా దూరితే ఎదురొచ్చే రిక్షా ఆగిపోవాల్సిన సందులో ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో చీకటి నడవా. స్కూలు సెలవులన్నీ నాకు అక్కడే గడిచాయి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వచ్చేవరకూ కూడా ఆ కొట్లోనే కూర్చున్నాను. జీతం లేదు. రెండు పూటలా భోజనం, వారానికోసారి సినిమా డబ్బులు.

పొద్దున్నే హార్బర్లో ఓడ కూత వినపడగానే పెదనాన్న తలుపు చెక్కలు ఒక్కోటీ ఊడదీసి గోడకి చేరేసేవారు. చెక్కల మీద సుద్దతో అంకెలుండేవి. వరస తప్పితే రాత్రి మూసేటప్పుడు కుస్తీ పట్టాల్సిందే. నా పని డబ్బాలు తుడవడం. ఆ రోజుల్లో పోర్టు నుంచి ఇనుప ఖనిజం దుమ్ము పాత ఊరంతా పడేది. రాత్రి తుడిచిన మూత మీద తెల్లారేసరికి మళ్ళీ ఎర్రటి పొర. తడిగుడ్డ పెట్టడానికి లేదు. అసలే సముద్రపు గాలి, దానికి ఈ తడి తోడైతే మూలికకి బూజు పడుతుంది. పొడిగుడ్డతోనే తుడవాలి, ముక్కుకి రుమాలు కట్టుకుని.

డాల్డా డబ్బాలు, బిస్కట్ డబ్బాలు, వాటి మీద అన్నం మెతుకులతో అంటించిన చీటీలు, చీటీల మీద పెదనాన్న గుండ్రటి చేతిరాత. పై అరల్లో అందరికీ కావలసిన సరుకు: కరక్కాయ, తానికాయ, ఉసిరి వరుగు, సొంఠి, పిప్పళ్ళు, వస, అతిమధురం, నేలవేము. గల్లాపెట్టె వెనక, వంగితే గాని కనపడని అరలో బలం సరుకు. పెన్నేరు గడ్డ, నేలతాడి, పిల్లిపీచర వేళ్ళు, పల్లేరు కాయలు, నీరుగొబ్బి విత్తులు. అన్నిటికన్నా పెద్ద డబ్బాలో దూలగొండి. ఈ అరలో దేనికీ చీటీ లేదు. చీటీ పెడితే చదువుతారు, చదివితే సిగ్గుపడతారు, సిగ్గుపడితే కొనకుండా పోతారు. ఇదీ పెదనాన్న లెక్క.

*

దూలగొండి చిక్కుడు జాతి తీగ. వానలు వెనకబట్టే వేళకి ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడతాయి. చలికాలంలో కాయలు ముదురుతాయి. మెలితిరిగిన కాయ, దాని మీద బంగారు రంగు నూగు. చూస్తే నిమరాలనిపిస్తుంది. ఒకసారి నిమిరినవాడు మళ్ళీ ఆ తీగ ఛాయలకి పోడు. ఆ నూగు ఒంట్లో గుచ్చుకుంటే దురద, మంట, దద్దుర్లు. నూగులో మ్యూకునైన్ అనే ప్రోటీన్ ఉంటుందని, అది చర్మంలోకి దిగడం వల్లే అంత దురదని చాలా ఏళ్ళ తర్వాత చదివాను.

మాకు సరుకు మన్యం నుంచి వచ్చేది. అరకు, పాడేరు వైపు సంతల్లో కొని, ఒక దళారీ కిరండూల్ పాసింజర్లో మూటలేసుకుని దిగేవాడు. చింతపండు, కుంకుడుకాయలు, అడ్డాకులు, తేనె లాంటివి గిరిజన కో-ఆపరేటివ్ కార్పొరేషన్ కొనేది. 1956లో పెట్టిన ఆ సంస్థ పెద్దాఫీసు మా ఊళ్ళోనే ఉంది. తేనె మాత్రం పెదనాన్న జీసీసీదే కొనేవారు, ఇంకోటి ముట్టుకునేవారు కాదు. దూలగొండి మా కొట్టుకి ఈ దళారీ చేతి మీదుగానే వచ్చేది. చేతికి సంచి గుడ్డ చుట్టుకుని, గింజలు నేల మీద పోసి, పుచ్చువి పక్కకి తీసి, బేరం ఆడి, చివరికి పెద్దమ్మ పెట్టిన టిఫిన్ తిని వెళ్ళేవాడు.

ఒక ఏడు గింజలతో పాటు ఒలవని కాయలే ఒక గోనెడు తెచ్చాడు. స్టేషన్ నుంచి ఆ మూట మోసిన కలాసీకి విషయం తెలీదు. చొక్కా లేని భుజం మీద వేసుకుని వచ్చాడు. సందు మలుపు తిరిగేసరికే మొదలైంది. "ఒలమ్మో, ఒళ్ళంతా మండిపోతంది తల్లో" అంటూ మూట నడవాలో పడేసి గంతులు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చాను. పెద్దమ్మ చెంబు లాక్కుంది. "నీళ్ళెడితే ఒళ్ళంతా పాకుతాదిరా ఎదవా, బేగి పేడట్టుకురా" అని అరిచింది. పక్క సందులో పాలవాళ్ళ పాకలోంచి పేడ తెచ్చాను. పలచగా కలిపి అతని భుజానికి, వీపుకి పూసింది. ఎండలో కూర్చోబెట్టింది. ఎండాక పెచ్చులు పెచ్చులుగా ఊడదీసింది, నూగు వాటికి అంటుకుని వచ్చేసింది. తర్వాత కొబ్బరినూనె రాయించి, పెరుగన్నం పెట్టించింది.

అన్నం తింటూ అతను అడిగాడు, "ఇంత పాపిష్టి కాయ దేనికి పనికొస్తాదమ్మా?" అని.

"మందుకి" అంది పెద్దమ్మ.

"దేనికి మందు?"

పెద్దమ్మ ఇంకో గరిటెడు పెరుగు వేసి లోపలికి పోయింది. ఆవిడ చెప్పకపోతేనేం, బయట ఎవరో చెప్పారు. నెల తిరక్కుండా అతనే మా కొట్టుకి కొనడానికి వచ్చాడు.

*

గింజ ఉన్నపళంగా మందుకి పనికిరాదు. శుద్ధి చేయాలి. అక్కడితో పెదనాన్న పని ఆగిపోయి పెద్దమ్మ పని మొదలయ్యేది.

రాత్రి గింజలు నానబోసేది. మర్నాడు పలచటి గుడ్డలో మూటకట్టి, పాల గిన్నె మీద అడ్డకర్ర పెట్టి, మూట అడుగుకి తగలకుండా పాలలో మునిగేట్టు వేలాడదీసేది. ఉయ్యాల కట్టడం అనేవారు మా ఇంట్లో. కింద రంపపు పొట్టు పొయ్యి. పొట్టు కూరడం నా పని. గొట్టం నిలబెట్టి చుట్టూ గట్టిగా దట్టించి, గొట్టం మెల్లిగా లాగేయాలి. దట్టింపు సరిగా కుదిరితే పూటంతా ఒకటే సెగ. ఆవుపాలే కావాలి. పాకెట్ పాలు వచ్చి ఊరంతా వాటికి అలవాటు పడ్డాక కూడా మందు కోసం పాక దగ్గరకి మనిషిని పంపేది. ఆ మనిషి చాలాసార్లు నేనే.

పాలు మరగడం మొదలెట్టాక మొదట ఇల్లంతా కోవా వాసన. అందరికీ ఆకలేసేది. తర్వాత ఉడికిన చిక్కుడు గింజల వాసన కలిసేది. చివరికొచ్చేసరికి రెండూ కాని ఒక వెగటు వాసన గోడలకి పట్టి సాయంత్రం దాకా వదిలేది కాదు. ఇరుగుపొరుగు దాన్ని బట్టే "ఇవాళ మీ ఇంట్లో పనుంది కాబోలు" అనేవారు. ఉడికాక పాలు పారబోయాల్సిందే. పిల్లి కూడా ముట్టకుండా దొడ్లో గొయ్యి తీసి పోయించేది.

తొక్క వేడి మీదే ఒలవాలి, చల్లారితే అంటుకుపోతుంది. పెద్దమ్మ, అక్క, పక్కింటి ఆడవాళ్ళు చుట్టూ కూర్చునేవారు, పక్కనే చల్లటి నీళ్ళ గిన్నె. వేళ్ళు కాలితే నీళ్ళలో ముంచడం, మళ్ళీ ఒలవడం. నల్లటి తొక్క కింద తెల్లటి పప్పు. ఆ కూర్చోవడంలో లేని కబురు ఉండేది కాదు. బంగారం ధర, మార్గశిర గురువారం కనకమహాలక్ష్మి గుడి దగ్గర తోపులాట, ఎవరి పిల్లకి ఎంతిచ్చి పెళ్ళి చేశారు, జగదాంబలో ఏ సినిమా ఆడుతోంది. చేతిలో ఉన్న గింజ దేనికో మాత్రం ఒక్కరూ అనేవారు కాదు. అందరికీ తెలుసు. చిన్నప్పుడు నేనూ వాళ్ళ మధ్య కూర్చుని ఒలిచేవాణ్ణి. మూతి మీద నూనూగు మీసం వచ్చిన ఏడు పెద్దమ్మ నన్ను లేపేసింది. "నువ్వు కొట్లోకెళ్ళు" అంది. ఆ గింజ సంగతి నాకు పూర్తిగా అర్థమైంది ఆరోజే.

పప్పు నీడలో ఎండేది. తర్వాత కల్వంలో నూరి, పలచటి గుడ్డలో జల్లించి, మిగిలిన రవ్వ మళ్ళీ నూరి. ఆ నల్లరాతి కల్వం పెద్దమ్మ పుట్టింటి నుంచి వచ్చిందట. ఆడపిల్లకి ఎవరైనా బిందెలు, పళ్ళాలు ఇస్తారు. వీళ్ళ నాన్న అల్లుడి వ్యాపారం చూసి కల్వం ఇచ్చాడు!

పండగలకి ముందు, మూఢం వెళ్ళి పెళ్ళిళ్ళు మొదలయ్యే ముందు వానరి గుటికలు చేసేవారు. అదొక పెద్ద వంట. ఉడికించి ఒలిచిన పప్పుని మెత్తగా రుబ్బి, చిన్న ఉండలు చేసి, ఆవునేతిలో సన్నటి సెగ మీద వేయించి, చక్కెర పాకంలో వేసి, ఆ తర్వాత తేనెలో ఊరబెట్టాలి. జాడీలో చూస్తే అచ్చం గులాబ్ జామ్‌లే. మా తమ్ముడు ఒకసారి అలాగే అనుకుని రెండు మింగాడు. ఇంట్లో అందరూ వాణ్ణి రాత్రంతా కనిపెట్టుకుని కూర్చున్నారు. వాడికి విరేచనాలయ్యాయి, అంతే. కాని ఆ కథ వాడి పెళ్ళిలో కూడా చెప్పుకుని నవ్వారు.

మన వైపు శోభనం గదిలోకి మాడుగుల హల్వా పంపడం ఎంతమంది ఇళ్ళలో ఉందో నాకు తెలుసు. పాలు, నెయ్యి, జీడిపప్పు, తీపి. బలం అంటే మనవాళ్ళ ఊహలో ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది. గుటికల గిరాకీకీ సగం కారణం అదేనని నా అనుమానం.

*

కొట్లో బేరం వేరేగా నడిచేది.

మనిషి వస్తాడు. కరక్కాయలు వంద గ్రాములు అంటాడు. సొంఠి అంటాడు. పిప్పళ్ళు ఉన్నాయా అంటాడు. పొట్లాలు కడుతుంటే వెనక్కి చూస్తాడు, రోడ్డు చూస్తాడు, నన్ను చూస్తాడు. పెదనాన్న నన్ను "ఒరే, లోపల మంచినీళ్ళు పట్రా" అని పంపించేసేవారు. నేను నడవాలో నిలబడి వినేవాణ్ణి. అప్పుడు బయటికొచ్చేది అసలు మాట, గొణుగుడుగా. ముందు కొన్న సొంఠి, పిప్పళ్ళు ఆ మాటకి ముసుగు. ఆ ముసుగు సరుకు మీద మాకు వచ్చిన లాభం తక్కువేం కాదు.

వేసవి సాయంత్రాలు కరెంటు తీసేసేవారు. సరిగ్గా అప్పుడే జనం. పగలంతా ఎదుటి కిళ్ళీకొట్టు దగ్గర తచ్చాడినవాళ్ళు చీకటి పడగానే మెట్టెక్కేవారు. ఒకసారి ఇద్దరు ఒకేసారి చీకట్లో ఎక్కి, పెదనాన్న అగ్గిపుల్ల గీసేసరికి చూసుకుంటే మావా అల్లుళ్ళు. ఇద్దరూ కరక్కాయలు కొనుక్కుని వెళ్ళిపోయారు.

పోర్టు కూలీలు, షిప్‌యార్డు వెల్డర్లు, స్టీల్ ప్లాంట్ కడుతున్న రోజుల్లో ఎక్కడెక్కడినుంచో వచ్చిన కాంట్రాక్టు పనివాళ్ళు, మార్కెట్లో మార్వాడీ వ్యాపారులు. మార్వాడీలు మాత్రం సిగ్గుపడేవారు కాదు. "కౌంచ్ బీజ్ దేవో" అని ఉప్పు అడిగినట్టే అడిగి, శుద్ధి చేయని గింజలే తూకం వేయించుకుని, ఇంట్లో చేసుకునేవారు.

పెదనాన్న వైద్యుడు కాదు. ఆ మాట ఆయనే చెప్పేవారు. కాని పుస్తకాలు చదివారు. ఆయుర్వేదం ఎనిమిది అంగాల్లో వాజీకరణం, అంటే మగతనానికి బలమిచ్చే వైద్యం, ఒకటని, అందులో దూలగొండిది పెద్దపీట అని, గింజల పొడి నీరుగొబ్బి విత్తుల పొడితో కలిపి, చక్కెర వేసి, అప్పుడే పితికిన పాలతో తాగమని సుశ్రుతుడు చెప్పాడని చెప్పేవారు. ఆ తర్వాత ఆయన సొంత వ్యాఖ్యానం. "చెంచాడు పొడి, గ్లాసుడు పాలు, పటికబెల్లం. నలభై రోజులు. సారా ముట్టకూడదు. రాత్రికి రాత్రి గుర్రం అయిపోతావని ఎవడన్నా చెప్తే వాడి దగ్గరికే పో, నా దగ్గరకి రాకు." నలభై రోజులు సారా మానేసి, రాత్రి పాలు తాగి పెందలాడే పడుకున్నవాడికి దూలగొండి లేకపోయినా సగం నయమవుతుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పొడి పనిచేయదని కాదు. ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం కష్టం.

ఈ గింజకి మగతనం పేరు ఒక్కటే వచ్చింది గాని, మా కొట్లో దాన్ని వేరేవాటికీ ఇచ్చేవారు. నరాల నీరసానికి, పక్షవాతం వచ్చి లేచినవాళ్ళకి, నులిపురుగులకి. కాయ మీది నూగునే బెల్లంలో పెట్టి పురుగులకి మింగించే మొరటు వైద్యం మన్యంలో ఉండేదని దళారీ చెప్పేవాడు. వింటేనే నాకు గొంతు దురద పుట్టేది.

*

వెనక గుమ్మానికి ఆడవాళ్ళు వచ్చేవారు. ఇది కొట్టు లెక్కల్లో ఎక్కడా రాయని బేరం. మగవాళ్ళకి ముందు గుమ్మంలో సిగ్గు. ఆడవాళ్ళకి నింద. పెళ్ళై రెండేళ్ళైతే చాలు, గొడ్రాలన్న మాట సిద్ధంగా ఉండేది.

జాలారిపేట నుంచి ఒక ముసలావిడ వచ్చేది, చేపల గంప దించి గుమ్మం పక్కన కూర్చునేది. అడ్డ చుట్ట కాల్చేది, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. మాట్లాడేటప్పుడు కూడా చుట్ట తీసేది కాదు. నిప్పు నోట్లో పెట్టుకుని అంత మాట్లాడగలిగిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. ఒకరోజు ఆ చుట్ట తీసి పక్కన పెట్టింది. పెద్దమ్మ అది చూసి చేతిలో పని ఆపి ఎదురుగా చతికిలబడింది.

"మా గుంటడికి పెళ్ళై మూడు ఎండాకాలాలెల్లిపోనాయమ్మా. కోడలి కడుపు పండనేదు. దానికేదైనా మందియ్యి."

"నీ కొడుకేటి పని సేస్తాడు?"

"మరబోటు మీదెల్తాడు. ఎల్తే పదిరోజులు, పదేన్రోజులు సముద్రం మీదే."

"ఒచ్చినాక?"

"ఒచ్చినాక తాగి తొంగుంటాడు. మళ్ళీ బోటు."

"మరి దానికి కడుపెలగొస్తాదే నా తల్లీ, గాలికొస్తాదేటి?"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నడవాలో ఉన్న నాకు కూడా నవ్వాగలేదు, చెయ్యి కరుచుకున్నాను. నవ్వాక పెద్దమ్మ మందు ఇవ్వలేదు. "ఈసారి బోటు దిగినాక గుంటణ్ణి నా కాడికట్రా. తాగనియ్యక. కోడల్నేటీ అనక" అంది. అతన్ని నిజంగానే తీసుకొచ్చింది, చెవి పట్టుకుని అన్నంత పనిచేసి. ముందు గుమ్మంలో పెదనాన్న దగ్గర కూర్చోబెట్టారు. తర్వాత వాళ్ళకి పిల్లలు కలిగారో లేదో పెద్దమ్మ నాకు చెప్పలేదు. చాలాకాలం మా ఇంటికి వంజరాలు మాత్రం ఊరకే వచ్చాయి.

పెద్దమ్మ అందరినీ అడిగే ప్రశ్నలు అవే. మీ ఆయనకి ఏ షిఫ్టు? రాత్రి నిద్ర పడుతుందా? అత్తగారు ఏ గదిలో పడుకుంటుంది? ఆ చివరి ప్రశ్న ఆవిడ తప్ప ఎవరూ అడగరు. పాత ఊళ్ళో ఒంటిగది ఇళ్ళు. మంచం కింద మరుదులు, గుమ్మంలో అత్తగారు. "ముందు ఒక తడిక కట్టుకోండి, పొడి తర్వాత" అని పంపించిన సందర్భాలున్నాయి. ఇవన్నీ రాత్రి పెదనాన్నకి చెప్పేది. పొద్దున ముందు గుమ్మంలో ఆయన మొగుణ్ణి చూసి, ఏమీ అడక్కుండానే అన్నీ తెలిసినట్టు మాట్లాడేవారు. "ఆయన చెయ్యి పట్టుకుంటేనే రోగం చెప్పేస్తాడ్రా" అని ఊళ్ళో పేరు. ఆ పేరులో పెద్దమ్మ వాటా ఎంతో ఇంట్లోవాళ్ళకే తెలుసు.

మా కొట్టుకి పోటీ గోడలు. కాంప్లెక్స్ వైపు, రైల్వే గోడల మీద, నీలంరంగు అక్షరాలతో "రహస్య వ్యాధులు, బలహీనత, ఒక్క వారంలో" అని ప్రకటనలు. ఏదో లాడ్జి, గది నంబరు, ఫలానా తారీఖుల్లో మాత్రమే దర్శనం. అక్కడ నెల జీతం వదిలించుకుని, పెళ్ళాం గాజులు కుదవ పెట్టి, తర్వాత మా మెట్టెక్కినవాళ్ళని చూశాను. వాళ్ళలో చాలామందికి ఏ రోగమూ లేదు. ఏదో కల, ఏదో భయం. కుర్రాళ్ళని భయపెట్టి బతికిన ఆ గదుల మీద నాకు ఇప్పటికీ కోపమే.

*

కేజీహెచ్‌లో, అంటే మా ఊరి పెద్ద సర్కారు ఆస్పత్రిలో, పనిచేసే ఒక కుర్ర డాక్టరు అప్పుడప్పుడూ వచ్చేవాడు. కొనడానికి కాదు, కబుర్లకి. ఒకరోజు దూలగొండి గింజలు గుప్పెడు తీసుకుని చెప్పాడు: 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు ఈ గింజల్లోంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని విడదీశారని. కంపవాతం (పార్కిన్సన్స్) వచ్చినవాళ్ళ మెదడులో డోపమిన్ తగ్గిపోతుంది, ఎల్-డోపా లోపలికెళ్ళి డోపమిన్‌గా మారుతుంది, 1960ల నుంచి ఆ రోగానికి వాడుతున్న పెద్ద మందు అదేనని. పెదనాన్న ఆ రోజు కొట్టు తొందరగా మూసేశారు. సంతోషమో కంగారో నాకు తెలియలేదు. రాత్రి అన్నం దగ్గర పెద్దమ్మతో "మనం అమ్ముతున్నది మాత్రల కంపెనీలు అమ్మేదేనట" అన్నారు. పెద్దమ్మ "అయితే పాలు తగ్గించేద్దామా" అంది. ఆవిడ టెన్షన్ పాల ఖర్చు.

ఆ మాట ఊరికే పోలేదు. చేతులు వణికే పెద్దాయన ఒకాయన మాకు పాత ఖాతా, కస్టమ్స్‌లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పొడి వేసుకున్న పూట చొక్కా గుండీలు తనే పెట్టుకోగలుగుతున్నానని మురిసిపోయేవాడు. ఆయనకి ఆస్పత్రిలో మాత్రలు మొదలుపెట్టారు. పెదనాన్న పొడి ఆపేశారు. రెండూ కలిస్తే మోతాదు మించి వాంతులు, కళ్ళు తిరగడం, కలవరింతలు రావచ్చని ఆ డాక్టరు చెప్పాడు మరి. పెద్దాయన కొట్టు మెట్ల మీద నిలబడి తిట్టాడు. మాత్రల కంపెనీతో లాలూచీ పడ్డావన్నాడు. పెదనాన్న మారు మాట్లాడలేదు. లోపల నుంచి పెద్దమ్మ మజ్జిగ పంపింది. ఆయన తిడుతూనే తాగి వెళ్ళాడు.

కోరికకీ ఈ గింజకీ లంకె ఏమిటో కూడా తర్వాత కొంత తేలింది. డోపమిన్ పెరిగితే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది. అది ఎక్కువైతే మగవాళ్ళలో కోరిక చప్పబడుతుంది. లక్నో వైద్యులు సంతానం లేని మగవాళ్ళకి ఈ పొడి రోజుకి 5 గ్రాములు, పాలతో, మూడు నెలలు ఇచ్చి చూశారు. వీర్యకణాల సంఖ్య, కదలిక మెరుగుపడ్డాయని, టెస్టోస్టిరాన్ పెరిగిందని 2009లో ప్రచురించారు. చిన్న అధ్యయనమే. దాన్ని పట్టుకుని ఇంటర్నెట్లో మాత్రం కొండలు ఎత్తేస్తున్నారు. మా అపార్ట్‌మెంటులో ఒక కుర్రాడు జిమ్ కోసమని డబ్బా తెప్పించుకున్నాడు, నన్ను చూసి చెప్పమన్నాడు. నాకు కనిపించింది సన్నటి అక్షరాలు, పెద్ద గుర్రం బొమ్మ. "మూలికా మందు" అని అమ్మేవాటిలో సిల్డెనాఫిల్, అంటే వయాగ్రాలో ఉండే మందు, కలిపి దొరికిన ఉదంతాలు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎన్నో బయటపెట్టింది. కొన్ని రకాల గుండెజబ్బు మాత్రలు వాడేవాడికి అది ప్రాణం మీదకి తెస్తుంది. పొడి వేసుకున్న గంటకే పనిచేస్తే అది దూలగొండి కాదు అని చెప్పాను. డాక్టరుకి చూపించి వాడమన్నాను. వాడు "అంకుల్ మీకెలా తెలుసు" అని నవ్వాడు.

*

పెదనాన్న పోయాక కొట్టు అన్నయ్య నడిపాడు. పెద్దమ్మకి మోకాళ్ళు పట్టేశాయి, రంపపు పొట్టు పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది. ఒలిచే చేతులు ఒక్కోటీ తగ్గాయి. పక్కింటి వాళ్ళు మధురవాడ వెళ్ళిపోయారు, అక్క హైదరాబాదు. అన్నయ్య తయారు పొడి తెప్పించి అమ్మడం మొదలెట్టాడు. పెద్దమ్మ దాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్ది, నాలిక్కి తగిలించి, "తొక్కతోనే నూరేసినారు" అంది. మళ్ళీ ఆ డబ్బా జోలికి పోలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. రేకులు లేచిపోయాయి. పై అరల నుంచి కింద అరదాకా నీళ్ళే. తుఫాను వెలిశాక వారం పాటు కరెంటు లేదు, అయినా చీకట్లో మెట్టెక్కడానికి కొట్టే లేదు. తడిసిన మూలికలు వీధిలో గుట్ట పోస్తే మునిసిపాలిటీ లారీ వచ్చి ఎత్తుకెళ్ళింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

కల్వం మాత్రం మిగిలింది. పెద్దకర్మ మర్నాడు పంపకాల్లో దాన్ని ఎవరూ అడగలేదు, బరువని. అన్నయ్య ఆటోలో వేసుకుని గాజువాక తీసుకెళ్ళాడు. వదిన అందులో తులసి వేద్దామంటోంది. నీళ్ళు పోవాలంటే అడుక్కి చిల్లు కొట్టించాలి. అన్నయ్య ఒప్పుకోవడం లేదు. కొట్టించేవాణ్ణి వదిన ఇప్పటికే మాట్లాడి పెట్టింది, అడ్వాన్స్ కూడా ఇచ్చిందట.